మూడు మోకాళ్ళు

గోదావరి పాయ ఒడ్డున ఒక ఊరు ఉండేది. కోతలు అయిపోయి చేలు ఖాళీ కాగానే ఆ ఊరి కుర్రాళ్ళు కబడ్డీకి గీతలు గీసేవారు. సంక్రాంతికి చుట్టుపక్కల జట్లన్నీ అక్కడికే వచ్చేవి. ఊరి జట్టులో పేరున్న ఆటగాళ్ళు ఇద్దరు. ఒకడు కూతకు వెళ్ళాడంటే ఎవరో ఒకరిని అవుట్ చేయకుండా తిరిగొచ్చేవాడు కాదు. రెండోవాడు కాలు పట్టాడంటే ఎదుటివాడు గీత చేరేవాడు కాదు. ఊరంతా మొదటివాణ్ణి రైడర్ అని, రెండోవాణ్ణి క్యాచర్ అని పిలిచేది. మనమూ అలాగే పిలుచుకుందాం.

ఒక ఏడు కనుమ నాడు రైడర్ గీతకేసి గిరుక్కున తిరిగాడు. పాదం నేలలో నిలిచిపోయింది, ఒళ్ళు మాత్రం తిరిగింది. మోకాలి లోపల టప్పుమని చప్పుడైంది. సాయంత్రానికి మోకాలు పొంగిపోయింది. రెండు వారాలు తిరగకుండానే, పక్క ఊరి పోటీలో క్యాచర్‌కీ అదే జరిగింది. ఇద్దరూ పసరు కట్టు వేయించుకున్నారు. వాపు తీసింది, నడక వచ్చింది, దాంతో నయమైందనుకున్నారు. కానీ గట్టు మీద పక్కకి తిరిగితే చాలు, మోకాలు జారిపోయేది. చివరికి కాకినాడ వెళ్ళి ఎమ్మారై తీయిస్తే ఏసీఎల్ లిగమెంటు తెగిందని తేలింది. పొలం పనులు, డబ్బు సర్దుబాటు అయ్యేసరికి దసరా వచ్చింది. పండగ వెళ్ళిన వారంలో ఇద్దరికీ ఒకే డాక్టరు ఆపరేషన్ చేశారు.

తెగిన ఆ లిగమెంటు చాలామందిలో తనంతట తాను అతుక్కోదు. అందుకని తొడ వెనక కండరాల నుంచి రెండు పొడవాటి స్నాయువులు తీసి, మడిచి, పాత లిగమెంటు స్థానంలో పెట్టారు. తొడ ఎముకలోనూ కింది ఎముకలోనూ సొరంగాలు తొలిచి, రెండు కొసల్నీ వాటిలోంచి లాగి బిగించారు. బయటికి కనిపించే గాట్లు చిన్నవే. లోపల జరిగిన పని పెద్దది. ఇంటికి పంపేటప్పుడు ఇద్దరికీ ఒకే కాగితం ఇచ్చారు. ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో, కాలు ఎలా పెట్టుకోవాలో, ఏ వ్యాయామం ఎన్నిసార్లు చేయాలో, ఏ సూచన కనబడితే పరుగున రావాలో, ఎన్ని నెలలు ఆట జోలికి పోకూడదో అందులో రాసి ఉంది.

రైడర్ ఆ కాగితాన్ని మడిచి దిండు కింద పెట్టాడు. అతని తండ్రి తాటిచెట్లెక్కి బతికినవాడు, ఒళ్ళు గీరుకుపోయినా కిందికి దిగి మళ్ళీ ఎక్కినవాడు. నొప్పికి మాత్ర మింగడం ఆ ఇంట్లో చిన్నతనం. పైగా ఆపరేషన్ అయిన సాయంత్రం రైడర్‌కి నొప్పే లేదు. తొడ దగ్గర నరానికి ఇచ్చిన మత్తు ఇంకా దిగలేదన్న సంగతి అతనికి తట్టలేదు. తన ఒంటి గట్టితనమే అనుకున్నాడు. మాత్రలు పక్కన పెట్టించి పడుకున్నాడు.

రాత్రి రెండింటికి మత్తు దిగింది. నొప్పి మెల్లగా పెరుగుతూ రాలేదు, ఒక్కసారిగా వచ్చి పడింది. అప్పుడు కంగారుగా ఖాళీ కడుపున మాత్ర వేసుకుంటే కక్కేశాడు. నొప్పి ముదిరాక వేసిన మాత్ర దాన్ని అందుకోవడానికి చాలా సేపు పడుతుంది. ఆ సేపంతా అతను మంచం పట్టె కొరుకుతూ గడిపాడు. మూడు రాత్రులు నిద్ర లేదు. ఫిజియో వచ్చి తొడ కండ బిగించమంటే ఎంత ప్రయత్నించినా అది కదల్లేదు. మోకాలి వాపూ నొప్పీ కలిసి తొడ కండని పనిచేయనివ్వవు. అది ఒళ్ళు తనంతట చేసే పని, మనిషి పౌరుషానికి లొంగేది కాదు. ఈ సంగతి ఎవరూ విడమరిచి చెప్పకపోవడం వల్ల ఎంతమంది తమని తాము చేతకానివాళ్ళుగా తిట్టుకుంటారో!

వారం దాటేసరికి నొప్పి దానంతటదే తగ్గింది. రైడర్ మాత్రం తానే గెలిచానని ఊరంతా చెప్పుకున్నాడు. పదో రోజున చంకకర్రలు మూల పారేసి కుంటుతూ తిరిగాడు. రెండో నెలలో కుంటు పోయింది. మూడో నెలలో నొప్పి పూర్తిగా పోయింది. అతను కాలవ గట్టు మీద పరుగు తీశాడు, ఏమీ కాలేదు. గుంజీలు తీశాడు, ఏమీ కాలేదు. దిండు కింద కాగితంలో ఆట గురించి రాసిన నెలల లెక్క అప్పటికి మూడో వంతే అయింది. అతను దాన్ని తీసి చూడలేదు. సంక్రాంతి వచ్చింది. జట్టు పిలిచింది. ఊరు ఈల వేసింది.

క్యాచర్ దారి వేరు. అతను మనుషుల్ని పట్టడంలో ధైర్యవంతుడే గాని, ఆస్పత్రి వాసనకే భయపడేవాడు. కాగితంలో మాత్రలు రాసిన భాగాన్ని కళ్ళకద్దుకున్నాడు, మిగతాది చదవలేదు. రాసిన వేళకి మాత్ర వేసుకున్నాడు, అక్కడిదాకా మంచిదే. మొదటి రాత్రులు రైడర్ కంటే హాయిగా నిద్రపోయాడు కూడా. కానీ నాలుగు రోజులు గడిచాక కాస్త మెలిక పడినా, కాస్త లాగినా మందుల షాపుకి మనిషిని పంపేవాడు. షాపతను ఇచ్చిన నొప్పి మాత్రలో పారాసిటమాల్ ఉంది. డాక్టరు రాసిన దాంట్లోనూ ఉంది. జ్వరానికని ఇంట్లో వాడేదీ అదే. పేర్లు వేరు, రంగులు వేరు, లోపలి మందు ఒకటే. పెద్దవాళ్ళకి కూడా ఆ మందు రోజుకి 4 గ్రాములు దాటకూడదు, దాటితే కాలేయానికి ముప్పు. క్యాచర్ అట్టలు చూసి లెక్క పెట్టుకోలేదు. వాటిలో వాపు తగ్గించే మందు కూడా రెండు చోట్ల కలిసింది. కడుపులో మంట మొదలై అన్నం దిగలేదు.

కాలి సంగతి ఇంకో కథ. మోకాలి కింద దిండు పెట్టి కాస్త వంచి ఉంచితే అతనికి సుఖంగా ఉండేది. మడమ కింద దిండు పెట్టి మోకాలిని గాలిలో వదిలితే లాగేది. అందుకని వారాల తరబడి మోకాలి కిందే దిండు ఉంచుకున్నాడు. నాయనమ్మ ఉప్పు మూట వేడి చేసి వాచిన మోకాలికి కాపడం పెట్టింది. ఆమెది ప్రేమే. కానీ కొత్త వాపుకి కావలసింది చల్లదనం, వేడి పెడితే వాపు ఇంకా పెరుగుతుంది. పథ్యం పేరుతో నెల రోజులు చారన్నం తప్ప ఏమీ పెట్టలేదు. వంకాయ తింటే చీము పడుతుందని, గుడ్డు తింటే వేడి చేస్తుందని ఆపారు. కోసిన చోట కొత్త కండ పట్టాలంటే పప్పూ గుడ్డూ పాలూ కావాలి. పచ్చి గాయంతో ఉన్న మనిషిని ఆకలితో మాడ్చే పథ్యాన్ని నేను ఎన్నటికీ మెచ్చుకోలేను.

ఫిజియో మొదటిసారి వచ్చి మోకాలు చాపించినప్పుడు క్యాచర్‌కి కన్నీళ్ళు తిరిగాయి. మళ్ళీ రావద్దని కబురు చేయించాడు. నొప్పి పూర్తిగా పోయాకే వ్యాయామం మొదలుపెడతానన్నాడు. రెండు నెలలయినా చంకకర్రలు వదల్లేదు. మోకాలు పూర్తిగా చాచుకోలేదు, సగానికి మించి వంగలేదు. లోపల మచ్చలాంటి కణజాలం పెరిగి కీలుని బిగించేసింది. తొడ సన్నబడిపోయింది.

సంక్రాంతి నాడు రైడర్ బరిలో దిగినప్పుడు క్యాచర్ కుర్చీలో కాలు వంచుకుని కూర్చుని చూస్తున్నాడు. రైడర్ మొదటి కూతలోనే ఒకరిని తాకి వెనక్కి తిరిగాడు. నిరుడు వినిపించిన చప్పుడే మళ్ళీ వినిపించింది. మోకాలు జారింది, పడ్డాడు. ఈసారి పెద్దగా నొప్పి కూడా లేదు. లేచి నడవబోయాడు, మోకాలు నిలవలేదు. కొత్తగా పెట్టిన లిగమెంటు తెగిపోయింది.

ఇక్కడ కథ కాసేపు ఆపి ఒక మాట చెప్పాలి. తొడ నుంచి తీసి మోకాట్లో పెట్టిన స్నాయువుకి మొదట రక్త ప్రసారం ఉండదు. అందులోని పాత కణాలు చనిపోతాయి. తర్వాత మెల్లగా కొత్త రక్తనాళాలు అందులోకి పాకుతాయి, కొత్త కణాలు చేరతాయి, పాత పోగులు కరిగి కొత్త పోగులు అల్లుకుంటాయి. ఈ మార్పు సాగుతుండగా, సుమారు ఆరో వారం నుంచి పన్నెండో వారం దాకా, ఆ లిగమెంటు ఆపరేషన్ నాటికంటే బలహీనంగా ఉంటుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే మనిషికి నొప్పి పోయి కాలు తేలికవుతుంది. ఆ తర్వాత కూడా అది గట్టిపడడానికి నెలలు పడుతుంది, పూర్తిగా కుదురుకోవడానికి ఏడాది పైనే పట్టవచ్చు.

ఆ ఊళ్ళోనే బట్టలు కుట్టే ఒకామె ఉండేది. ఆమె కూతురు కాలేజీ జట్టులో కబడ్డీ ఆడేది. ఆ మరుసటి ఏడు ఆ అమ్మాయి మోకాలూ అలాగే తెగింది. అదే డాక్టరు ఆపరేషన్ చేశారు, అదే కాగితం ఇచ్చారు. పలకరించడానికి రైడర్ వచ్చి, మాత్రలకి అలవాటు పడొద్దని, ఓర్చుకోమని చెప్పి వెళ్ళాడు. క్యాచర్ వచ్చి, ఒక్క క్షణం కూడా నొప్పిని భరించొద్దని, కాలు కదపొద్దని చెప్పి వెళ్ళాడు. అమ్మాయి ఇద్దరికీ టీ ఇచ్చి పంపించి, కాగితం మొదటి నుంచి చివరిదాకా రెండుసార్లు చదివింది. అర్థం కాని మూడు చోట్ల గీత గీసి, మర్నాడు ఆస్పత్రికి ఫోన్ చేసి అడిగింది.

మొదటి రాత్రి ఆమెకీ నొప్పి లేదు. అయినా అన్నం తిని, రాసిన వేళకి మాత్ర వేసుకుంది. తెల్లవారుజామున వేసుకోవలసిన దానికి అలారం పెట్టుకుంది. మత్తు దిగే వేళకి మందు ఒంట్లో ఉంది. నొప్పి వచ్చింది, కానీ నిద్ర పట్టనివ్వనంతగా రాలేదు. మందుల షాపు మాత్ర ఒక్కటి కూడా ఇంట్లోకి రానివ్వలేదు. ప్రతి అట్ట వెనకా ఉన్న మందు పేరు చదివి, రోజు మొత్తం పారాసిటమాల్ ఎంతయిందో కూడుకుంది. డాక్టరు రాసిన గట్టి నొప్పి మాత్ర వల్ల మలబద్ధకం వస్తుందని ముందే తెలుసుకుని నీళ్ళు ఎక్కువ తాగింది, పళ్ళు తింది.

తువ్వాలులో ఐసు చుట్టి పదిహేను ఇరవై నిమిషాలు మోకాలి మీద పెట్టుకునేది. తీసి, మళ్ళీ కొన్ని గంటల తర్వాత పెట్టుకునేది. పడుకున్నప్పుడు కాలు గుండె కంటే ఎత్తులో ఉండేలా దిండ్లు పేర్చుకునేది. మోకాలు చాచడం నేర్చుకునే వేళ మడమ కింద మాత్రమే దిండు ఉంచేది. అది లాగేది, ఓర్చుకునేది. మాత్ర వేసుకున్న ముప్పావు గంటకి వ్యాయామం మొదలుపెట్టేది. పాదం పైకీ కిందికీ ఆడించడం, తొడ బిగించి పది లెక్కపెట్టడం, మడమ మంచం మీద జరుపుతూ మోకాలు వంచడం, అంతే. నొప్పి తగ్గిన ఆ గంటని ఆమె నిద్రకి వాడలేదు, కాలు చాచడానికి వాడింది.

ఆమె చేసిన ఇంకో పని ఊళ్ళో ఎవరూ అంతకుముందు చేసి ఉండరు. అమ్మ కుట్టు మిషను మీది టేపు అడిగి తీసుకుంది. పొద్దున లేవగానే మోకాలి చిప్ప మీదుగా చుట్టుకొలత తీసి పుస్తకంలో రాసేది. పక్కనే నొప్పి ఎంతో పదికి అంకె వేసేది. వ్యాయామం అయ్యాక ఇంకో అంకె, మర్నాడు పొద్దున మరో అంకె. వారం తిరిగేసరికి పుస్తకం ఆమెకి చాలా సంగతులు తెలియజేసింది. వ్యాయామం చేస్తుండగా మూడో నాలుగో అంకె దాకా వచ్చి, రాత్రికి దిగిపోయి, పొద్దుటికి టేపు మారకపోతే, ఆ నొప్పి వల్ల చెడు జరగలేదు. ఒక రోజు ఉత్సాహం కొద్దీ మెట్లు నాలుగుసార్లు ఎక్కి దిగింది. మర్నాడు పొద్దున కూడా నొప్పి తగ్గలేదు, టేపు అర అంగుళం ఎక్కువ చూపించింది. ఆమె ఏడవలేదు, వ్యాయామం మానేయలేదు. రెండు రోజులు లెక్క సగానికి తగ్గించి, టేపు వెనక్కి వచ్చాక మళ్ళీ పెంచింది.

అయిదో రోజున తొడ వెనక నల్లగా కమిలి, ఆ నలుపు పిక్క మీదికి దిగింది. స్నాయువు తీసిన చోటి రక్తం కిందికి దిగడం అది. మోకాలి కింద ఒక చోట ముట్టుకుంటే తెలియడం లేదు. గాటు దగ్గర చర్మానికి వెళ్ళే చిన్న నరం దెబ్బతింటే అలా అవుతుందని కాగితంలో ఉంది. రెండూ పుస్తకంలో రాసుకుంది, భయపడలేదు.

తొమ్మిదో రోజు రాత్రి పిక్కలో నొప్పి వచ్చింది. అంకె పెద్దది కాదు, మూడే. కానీ అది వ్యాయామం చేస్తే వచ్చింది కాదు, పడుకున్నా పోలేదు. పిక్క వేడిగా, బిగుసుగా ఉంది. టేపు పెడితే రెండో పిక్క కంటే లావుంది. కాగితంలో పరుగున రమ్మన్న సూచనల్లో జ్వరం, గాటు ఎర్రబడి చీము కారడంతో పాటు ఇదీ ఉంది. కాలి రక్తనాళంలో రక్తం గడ్డకడితే అది ఊపిరితిత్తుల దాకా వెళ్ళి ప్రాణం తీయగలదు. తెల్లారేదాకా ఆగుదామన్న మాట ఇంట్లో వచ్చింది. ఆమె ఆగలేదు, ఆటో పిలిపించింది. స్కాన్ తీసి గడ్డ లేదన్నారు. అర్ధరాత్రి ఆటో ఖర్చు దండగ అని కొందరన్నారు. ఆ ఖర్చు దండగ కాదు. గడ్డ ఉందో లేదో ఇంట్లో మంచం మీద కూర్చుని తేల్చగలిగేది కాదు.

మాత్రలు ఒక్కసారిగా మానలేదు. నాలుగో రోజుకి గట్టి మాత్ర ఆపింది. వాపు తగ్గించే మాత్ర డాక్టరు చెప్పిన రోజుతో ఆపింది. పారాసిటమాల్ ఒకటి పడుకునే ముందు, ఒకటి వ్యాయామానికి ముందు మిగిలింది. మూడో వారానికి అవీ పోయాయి. రెండు వారాలకే మోకాలు పూర్తిగా చాచుకుంది, తొంభై డిగ్రీలు వంగింది. చంకకర్రలు ఫిజియో ఒప్పుకున్న రోజునే వదిలింది.

మూడో నెలలో నొప్పి గడిలో వరసగా సున్నాలు పడ్డాయి. ఇక పుస్తకం మూసేయమంది అమ్మ. అమ్మాయి పేజీ తిప్పి కొత్త గడులు గీసింది. ఆపరేషన్ అయి ఎన్ని వారాలు, తొడ చుట్టుకొలత రెండో తొడతో పోలిస్తే ఎంత, ఒంటికాలి మీద ఎన్నిసార్లు లేవగలిగింది, ఎంత దూరం గెంతగలిగింది. సంక్రాంతికి జట్టు పిలిస్తే వెళ్ళింది, పాయింట్లు రాసే బల్ల దగ్గర కూర్చుంది. ఫైనల్లో తన జట్టు రెండు పాయింట్లతో ఓడిపోయింది. తను దిగి ఉంటే గెలిచేవాళ్ళమని నలుగురూ మొహం మీదే అన్నారు. ఆ మాట పడడం మొదటి రాత్రి నొప్పి కంటే కష్టమైంది. అయినా లేవలేదు. ఆట జోలికి పోవద్దని కాగితంలో రాసిన తొమ్మిది నెలలన్నది డాక్టరు నోటికొచ్చిన లెక్క కాదు. 2016లో అమెరికా, నార్వే పరిశోధకులు కలిసి ప్రచురించిన పరిశీలనలో, తొమ్మిది నెలల దాకా ఆట వాయిదా వేసిన ప్రతి నెలకీ మోకాలు మళ్ళీ దెబ్బతినే అవకాశం దాదాపు సగానికి తగ్గింది. తొమ్మిది నెలలు నిండాక కూడా ఆమె పరీక్ష చేయించుకుంది. ఆపరేషన్ కాలి బలం రెండో కాలి బలంలో నూటికి తొంభై దాటలేదని తెలిసి ఇంకో రెండు నెలలు ఆగింది. పదకొండు నెలలు నిండాక బరిలో దిగి, గీతకేసి గిరుక్కున తిరిగింది. మోకాలు నిలబడింది.

క్యాచర్‌కి లోపల పెరిగిన కణజాలం తీసేయడానికి మళ్ళీ ఆపరేషన్ చేయవలసి వచ్చింది. మొదటిసారి తప్పించుకున్న నొప్పంతా ఆ తర్వాత పడ్డాడు, ఈసారి ఫిజియోని వద్దనలేదు. రైడర్‌కి రెండోసారి లిగమెంటు వేయడానికి రెండో కాలి తొడ నుంచి స్నాయువు తీశారు. ఆస్పత్రికి వెళ్ళే ముందు రోజు అతను టైలరమ్మ ఇంటికి వెళ్ళి, ఒక టేపూ, గడులు గీసిన పుస్తకమూ అడిగి తెచ్చుకున్నాడు.

నీతి: లిగమెంటు ఆపరేషన్ తర్వాత నొప్పి మాత్ర వేసుకునేది కాలు కదపడానికి, రాత్రి నిద్రపోయి ఒళ్ళు మానడానికే గాని, నొప్పిని గెలవడానికీ కాదు, దాన్నుంచి దాక్కోవడానికీ కాదు. ఎంత నొప్పి అన్నదాని కంటే అది దేని తర్వాత వచ్చింది, పొద్దుటికి దిగిందా, వాపుని వెంట తెచ్చిందా అన్నది చూసినవాళ్ళకే ఏది ఓర్చుకోవాలో, దేనికి అర్ధరాత్రయినా బయల్దేరాలో తెలుస్తుంది. నొప్పి పోయిన రోజున లిగమెంటు ఇంకా పచ్చిగానే ఉంటుంది కాబట్టి, ఆ రోజు నుంచి మిగిలిన నెలలు నొప్పిని అడగకుండా కాగితంలోని లెక్క ప్రకారమే నడవాలి.